ఆడపిల్ల నోటి మాట: స్పెయిన్ జ్ఞానోదయ సాహిత్యంలో ఒక పాయ

సభకు నమస్కారం.

యూరప్ జ్ఞానోదయం, అంటే అన్నిటినీ హేతువుతో పరీక్షించాలన్న పద్దెనిమిదో శతాబ్దపు ఆలోచనా ఉద్యమం అనగానే మనకు ఫ్రెంచ్ రచయితలు వోల్టేర్, రూసో గుర్తొస్తారు. స్పెయిన్ ప్రస్తావన వస్తే ఫ్రెంచివారి అనుకరణ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈ తీర్పు అన్యాయమని నా నమ్మకం. ఇంక్విజిషన్ అనే మత విచారణ సంస్థ పుస్తకాలను నిషేధిస్తున్న దేశంలో, ఆడపిల్ల తన మనసులోని మాట పైకి చెప్పగలగాలని ఎనభై ఏళ్లపాటు రాస్తూ వచ్చిన సాహిత్యం అది. ఈ ఒక్క పాయ గురించే ఈరోజు మాట్లాడతాను.

మొదలుపెట్టింది ఒక సన్యాసి. బెనెడిక్టైన్ అనే క్రైస్తవ మఠ సంప్రదాయానికి చెందిన ఫెయిహో ఒవియేదో విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడు. జనంలో పాతుకుపోయిన అపోహలను ఒక్కొక్కటిగా పరీక్షకు పెడుతూ ఆయన రాసిన వ్యాస సంపుటాలలో మొదటిది 1726లో వచ్చింది. స్త్రీల పక్షాన వాదించే వ్యాసం అందులోనిదే. స్త్రీలకు తెలివి తక్కువని పుస్తకాలన్నీ చెబుతున్నాయి కదా అనేవారికి ఆయన ఒక కథ వినిపించారు. దారిన పోతూ మనిషీ సింహమూ ఎవరు బలవంతులని వాదులాడుకుంటాయి. సింహాన్ని మనిషి ఓడిస్తున్న శిల్పాన్ని చూపిస్తాడు మనిషి. చెక్కడం సింహాలకే వచ్చి ఉంటే బొమ్మ మరోలా ఉండేదని సింహం జవాబు. ఆ పుస్తకాలు రాసింది మగవాళ్లేనని ఇంతకంటే సూటిగా ఎలా చెప్పాలి? ఖండనలు వెల్లువెత్తాయి. చివరికి 1750లో, ఫెయిహోను ఖండిస్తూ ఎవరూ ఏమీ అచ్చువేయరాదని రాజు ఆరో ఫెర్నాండో ఆజ్ఞాపించాడు. వాదనతోనే గెలవాల్సిన ఉద్యమం రాజాజ్ఞ నీడలో నిలబడడం నాకు బాధగానే ఉంటుంది.

ఆ తర్వాత స్త్రీయే కలం పట్టింది. దేశాభివృద్ధి కోసం ఏర్పడిన మాడ్రిడ్ ఆర్థిక సంఘంలో మహిళలను చేర్చుకోవాలా వద్దా అన్న వివాదంలో, 1786లో రచయిత్రి హోసెఫా అమార్ తన వ్యాసం ప్రచురించారు. చదువు నిరాకరించేదీ మీరే, చదువు లేదని తప్పుపట్టేదీ మీరే అని మగవారిని నిలదీశారు.

ఇక స్పెయిన్ నాటకకర్త మొరాతిన్ నాటకం, 'ఎల్ సి దె లాస్ నిన్యాస్'. ఆడపిల్లలు పెళ్లికి చెప్పే 'ఔను' అని అర్థం. 1806 జనవరి 24న మాడ్రిడ్‌లోని క్రూస్ రంగశాలలో తొలి ప్రదర్శన. ఇరవై ఆరు రోజులు ఆడింది. ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు పాటించే ఉపవాస కాలం వచ్చి రంగశాలలు మూతపడడంతో ఆగింది.

కథంతా అల్కలా ఊరి సత్రంలో ఒక్క రాత్రిలో నడుస్తుంది. క్రైస్తవ సన్యాసినుల మఠంలో పెరిగిన పదహారేళ్ల పాకితను యాభై తొమ్మిదేళ్ల దోన్ దియేగోకు ఇచ్చి చేయాలని తల్లి నిశ్చయించింది. మొదటి రంగంలో దియేగో ఈ సంబంధం సంగతి చెబుతుంటే, పెళ్లికొడుకు ఆయన మేనల్లుడే కాబోలు అనుకుని నౌకరు సిమోన్ తెగ మెచ్చుకుంటాడు. ఆ ఒక్క పొరపాటుతో ప్రేక్షకుడికి న్యాయం ఎటు ఉందో తెలిసిపోతుంది. దియేగో చెడ్డవాడు కాడు. పాకిత మనసు ఆమె నోటనే వినాలని అతని కోరిక. అడిగిన ప్రతిసారీ తల్లి అందుకుని బదులిస్తుంది. పాకిత ప్రేమించింది ఆ మేనల్లుడినే. అయినా అమ్మ చెప్పినట్టే చేస్తానంటుంది. మూడో అంకంలో దియేగో కుమిలిపోతాడు: కల్మషం లేని మనసును కూడా దాచుకోవడం నేర్పి, దాన్నే మంచి పెంపకం అంటున్నాం, ఆడపిల్లలకు అన్నిటికీ అనుమతి ఉంది, నిజాయితీకి తప్ప. చివరికి తాను తప్పుకుని, పాకితను ఆ మేనల్లుడికే ఇచ్చి చేయడానికి ఒప్పుకుంటాడు.

ఈ మాటల బరువు తెలియాలంటే అప్పటి చట్టం తెలియాలి. పాతికేళ్లు నిండనివారి పెళ్లికి తండ్రి సమ్మతి కావాలని 1776లో మూడో కార్లోస్ శాసనం చేశాడు. 1803లో ఆ పట్టు ఇంకా బిగిసింది. అలాంటి రోజుల్లో, రాజధాని నడిబొడ్డున, పిల్లల చేత బలవంతాన ఔననిపించడం పెద్దల దౌర్జన్యమని ఒక పాత్ర చెబుతోంది. ఇంక్విజిషన్‌కు ఫిర్యాదులు వెళ్లాయి. తర్వాత నిషేధమూ వచ్చింది.

పరిష్కారం ముసలివాడి మంచితనం మీదే ఆధారపడింది, పాకిత ఎదురు తిరగలేదు కదా అని కొందరు విమర్శిస్తారు. నోరు విప్పకూడదని పదహారేళ్లు నేర్పిన పిల్ల ఒక్క రాత్రిలో ఎదురు తిరిగితే అది అబద్ధమయ్యేది. దియేగో వంటివాడు దొరకని పిల్ల గతి ఏమిటో మొరాతిన్ 1790లోనే 'ఎల్ వియెహో ఇ లా నిన్యా' (ముసలివాడూ ఆడపిల్లా) అనే మరో నాటకంలో చూపించాడు. డెబ్బై ఏళ్ల భర్త పాలబడిన ఇసబెల్ ఆఖరికి మఠం దారి పడుతుంది. ముందు ఆ నాటకం, ఆ వెంటనే ఇది చదవమని మిమ్మల్ని కోరుతున్నాను.