వెండి నాణెం మీద ఇన్ని రంగులు ఎక్కడివి?

తెరపై: మోర్గాన్ వెండి డాలర్ దగ్గరగా. అంచున నీలం, లోపలికి వచ్చేకొద్దీ ఊదా, ఎరుపు, బంగారు రంగు. మధ్యలో తెల్లని వెండి.

ఈ నాణేనికి ఎవరూ రంగు వెయ్యలేదు. అమెరికా టంకశాలలో అచ్చైన రోజు ఇది తెల్లగా తళతళలాడింది. తర్వాత ఏళ్ల తరబడి గుడ్డ సంచిలో ఉండిపోయి ఇలా మారింది. నాణేలు సేకరించేవాళ్లు దీన్ని టోనింగ్ అంటారు. తెల్లగా ఉన్న ఇదే నాణెం ధరకి ఎన్నో రెట్లు పెట్టి దీన్ని కొనేవాళ్లున్నారు.

మోర్గాన్ డాలర్లు 1878 నుంచి 1904 దాకా, మళ్లీ 1921లో ముద్రించారు. 90 శాతం వెండి, 10 శాతం రాగి. గనుల వెండిని ప్రభుత్వం నెలనెలా కొనాలని చట్టం ఉండటంతో, జనానికి అవసరమైన దానికంటే చాలా ఎక్కువ నాణేలు తయారయ్యాయి. వెయ్యేసి చొప్పున గుడ్డ సంచుల్లో కట్టి ఖజానాల్లో పెట్టేశారు. ఒక్కో సంచి దాదాపు 27 కిలోలు. 1918లో వచ్చిన పిట్‌మన్ చట్టం కింద 27 కోట్ల వెండి డాలర్ నాణేల్ని కరిగించేశారు. మిగిలిన సంచులు చాలావరకు 1960ల మొదట్లో బయటికొచ్చాయి.

తెరపై: గుడ్డ సంచి, లోపల ఒకదానిమీద ఒకటి పడి ఉన్న నాణేలు.

గాలిలో, గుడ్డలో, అట్టలో కొద్దిగా గంధకం ఉంటుంది. అది వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ పొరగా ఏర్పడుతుంది. సంచి మధ్యలో ఉన్న నాణేలకి అది పెద్దగా తగల్లేదు. గుడ్డకి ఆనుకున్నవాటికే రంగొచ్చింది, అదీ చాలాసార్లు ఒకవైపే. పక్క నాణెం కప్పిన చోట నెలవంక ఆకారంలో తెలుపు మిగిలింది. కొన్నిటి మీద గుడ్డ నేత గళ్లు కూడా కనిపిస్తాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైనవి అవే. ఆ నాణెం ఎక్కడ, ఎలా పడుకుని ఉందో దాని ఒంటిమీదే రాసి ఉంటుంది.

మరి నల్లటి సల్ఫైడ్ రంగురంగులుగా ఎందుకు కనిపిస్తుంది? ఆ పొర చాలా పలచన, నానోమీటర్లలో కొలవాలి. వెలుతురు కొంత పొర పైనుంచి, కొంత కింద ఉన్న వెండి నుంచి తిరిగొస్తుంది. ఆ రెండూ కలిసినప్పుడు కొన్ని రంగులు చెరిగిపోయి కొన్ని మిగులుతాయి. వాన నీటి మీద పడ్డ పెట్రోల్ చుక్కలో జరిగేదీ ఇదే.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. పొర మందమయ్యేకొద్దీ రంగులు ఒక వరసలో వస్తాయి: ముందు లేత పసుపు, తర్వాత ఎరుపు-ఊదా, తర్వాత నీలం. ఇంకా మందమైతే మళ్లీ పసుపు, గులాబీ, ఆ తర్వాతే ఆకుపచ్చ. చివరికి నలుపు. కాబట్టి తెల్లటి వెండి పక్కనే, మధ్యలో ఏ రంగూ లేకుండా ఆకుపచ్చ కనిపిస్తే అనుమానించాలి. వేడి చేసి, గంధకం రసాయనాలు పూసి రంగు తెప్పించే మోసగాళ్లు చాలామందే ఉన్నారు. తొందరగా వచ్చిన ఆ రంగు నాణెం మీద తేలుతున్నట్టు ఉంటుంది. సహజమైన రంగులో నాణేన్ని దీపం కింద వంచి తిప్పితే, రంగు అడుగునుంచి అచ్చు నాటి మెరుపు చక్రంలా తిరుగుతుంది. మెరుపు చచ్చిపోయి నల్లగా కమ్మేసిన నాణేన్ని ఎవరు ఎంత పొగిడినా నేను కొనమని చెప్పను. అది పాడైన నాణెమే.

తెల్లగా చేసేద్దాం అని, సల్ఫైడ్ పొరని కరిగించే డిప్ అనే రసాయన ద్రావణంలో ముంచేవాళ్లూ ఉన్నారు. సల్ఫైడ్‌గా మారిన వెండి కూడా దాంతోపాటే కొట్టుకుపోతుంది. రెండు మూడు సార్లు ముంచితే మెరుపు పోతుంది, తిరిగి రాదు.

తెరపై: విక్టోరియా రాణి బొమ్మ ఉన్న వెండి రూపాయి.

మన ఇళ్లలో సంగతి కూడా చెప్పాలి. చాలా పూజగదుల్లో ఇలాంటి రూపాయి ఉంటుంది. 11.66 గ్రాములు, దాదాపు 92 శాతం వెండి. వరలక్ష్మీ వ్రతం ముందు చింతపండుతోనో విభూతితోనో తోముతాం. పూజలో పెట్టే రూపాయికి అది మన పద్ధతి, అలాగే కానివ్వండి. కానీ తాతగారి పెట్టెలో ఇంకో రూపాయి, ఇప్పటిదాకా ఎవరూ తోమనిది, అంచున నీలం రంగో బంగారు రంగో పట్టి దొరికితే మాత్రం తోమకండి. రుద్దితే పడే సన్నటి గీతలు భూతద్దంలో ఇట్టే దొరికిపోతాయి, ధర పడిపోతుంది. అంచులు పట్టుకుని తీయండి, మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి. వాటినుంచి వచ్చే ఆకుపచ్చ జిగురు నాణేన్ని తినేస్తుంది. మైలార్ అనే పాలిస్టర్ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, తేమ తగలని బీరువాలో ఉంచండి.