రస్నా పొడితో పట్టు చున్నీకి టై అండ్ డై

నమస్తే అండీ. ఎండలు ముదిరాయంటే మన బెజవాడలో ఏ కిరాణా కొట్టు ముందు చూసినా రస్నా ప్యాకెట్లే వేలాడుతుంటాయి. ఇవాళ ఆ పొడితో టై అండ్ డై, అంటే బట్టని అక్కడక్కడా దారంతో కట్టి రంగులు వేద్దాం. నీళ్లలో పోస్తే కరిగిపోయే రంగు బట్టకి పడుతుందా అంటారేమో, పడుతుంది. అమెరికాలో కూల్ ఎయిడ్ అని ఇలాంటి పొడే ఒకటి ఉంది. 1927లో నెబ్రాస్కా రాష్ట్రంలో ఎడ్విన్ పెర్కిన్స్ అనే ఆయన తయారుచేశారు. అక్కడ ఇంట్లో ఉన్ని దారానికి రంగులద్దుకునే వాళ్లు ఆ పొడినే వాడుతుంటారు. చక్కెర కలపని ప్యాకెట్లో రంగుతో పాటు పులుపు కూడా ఉంటుంది, ఈ పనికి ఆ రెండూ కావాలి.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. ఈ రంగు కాటన్‌కి పట్టదండీ. తెల్ల కాటన్ టీషర్టు మీద వేస్తే ఆ పూట బ్రహ్మాండంగా కనపడుతుంది, ఒక్క ఉతుకుకే పోతుంది. ఎందుకో చెప్తాను. ఇవి ఆమ్ల రంగులు. పట్టు, ఉన్ని రెండూ ప్రొటీన్లు. పుల్లటి నీళ్లలో వేడి తగిలితే ప్రొటీన్ దారం ఈ రంగుని లాక్కుని పట్టేసుకుంటుంది. కాటనేమో సెల్యులోజ్, అంటే మొక్కల పీచు, దానికి ఈ రంగుని అలా పట్టుకునే గుణం లేదు. మన పెడన కలంకారీ వాళ్లు కాటన్ గుడ్డని ముందు కరక్కాయలో నానబెట్టి, పటిక వాడేది కూడా అందుకే, కాటన్‌కి వాళ్లు వాడే చెట్ల రంగులు అతకాలంటే మధ్యలో ఇంకొకటి ఉండాలి. కాబట్టి మంగళగిరి కాటన్ డ్రెస్సులు పక్కన పెట్టండి, దయచేసి వాటి మీద ప్రయోగం చేయకండి.

మనకి కావాల్సింది తెల్లటి పట్టు చున్నీ. వన్‌టౌన్ వస్త్రలత వైపు వెళ్లినప్పుడు ‘ప్యూర్ సిల్కేనా, ఆర్ట్ సిల్కా’ అని అడిగి మరీ కొనండి, ఆర్ట్ సిల్క్ అంటే పట్టులా కనపడే కృత్రిమ గుడ్డ. ఇంట్లో ఉన్నదైతే అంచు నుంచి ఒక్క పోగు లాగి, పళ్లెంలో పెట్టి అగ్గిపుల్లతో అంటించండి. చూడండి, నేనిప్పుడు అంటిస్తున్నాను. జుట్టు కాలిన వాసన వస్తోంది, బూడిదని వేలితో నలిపితే పొడైపోయింది. ఇది పట్టు. కరిగి గట్టి పూసలా ముద్దకట్టిందంటే పాలియెస్టర్, దానికి ఈ పద్ధతి వద్దు. కాగితం కాలిన వాసన వస్తే కాటనో రేయానో, అవీ వద్దు.

ఇప్పుడు ప్యాకెట్టు. చక్కెర కలిపేసి వచ్చే రకం కాకుండా, చక్కెర మనం విడిగా వేసుకునే రకం తీసుకోండి. చక్కెర ఉంటే గుడ్డ జిగటగా తయారై చీమలు పడతాయి. వెనక చిన్న అక్షరాల్లో రంగుల నంబర్లుంటాయి, అవి చదవాలి. 102, 110 పసుపు, నారింజ. 122, 129 ఎరుపులు. 133 నీలం. ఈ నంబర్లుంటే బాగా పడతాయి. 150 అని ఉంటే అది మాడ్చిన చక్కెర రంగు, మనకి పనికిరాదు. కోలా రకం అందుకే వదిలేయండి. కావాల్సిన రంగు దొరక్కపోతే మిఠాయిల్లో వేసే ఫుడ్ కలర్ పావు చెంచా వేసుకోవచ్చు, అవీ ఈ జాతివే.

చున్నీని కాస్త కుంకుడుకాయ రసంతో గానీ షాంపూతో గానీ ఉతికి గంజి, నూనె పోగొట్టండి. తర్వాత లీటరు నీళ్లలో ఒక టీస్పూను నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్, కరిగించి, అందులో అరగంట నానబెట్టాలి. బోరు నీళ్లయితే నిమ్మ ఉప్పు ఇంకొంచెం వేయండి, ఆ నీళ్లలో ఉండే క్షారం పులుపుని తినేస్తుంది. నానాక పిండండి, మెలిపెట్టి కాదు, రెండు అరచేతుల మధ్య నొక్కి.

కట్టడం మీ ఇష్టం. మధ్యలో పట్టుకుని చుట్ట చుడితే సుడి వస్తుంది. నాకు మాత్రం శనగగింజలతో కట్టడమే ఇష్టం. ఇదిగో, గుడ్డ కింద ఒక గింజ పెట్టి, దాని మెడ దగ్గర గట్టి దారంతో అయిదారు చుట్లు బిగించాను. ఈ దారం కింద రంగు దూరదు. విప్పినప్పుడు చుట్టూ తెల్లటి గీత, మధ్యలో రంగు చుక్క ఉంటుంది. గుజరాత్ బాంధనీలో చేసేది కూడా ఇలాంటి కట్టే. దారం వదులైతే గీత చెదిరిపోతుంది, కాబట్టి ఇక్కడ తొందరపడకండి, ఈ పనికి ఒక సాయంత్రం కేటాయించినా తక్కువే.

ఒక్కో ప్యాకెట్టుని అర కప్పు వేణ్నీళ్లలో కలపండి. డబ్బాలో పొడి, ద్రవం విడివిడిగా వస్తే రెండూ వేసేయండి. ఇప్పుడు పాత సాస్ సీసాలో పోసి మడతల మీద వేస్తున్నాను, నారింజ పక్కన నిమ్మ పసుపు. ఇవి కలిసినా అందంగానే ఉంటాయి. నారింజ పక్కన ఆకుపచ్చ మాత్రం పెట్టకండి, కలిసిన చోట మట్టి రంగు వస్తుంది. ద్రాక్ష రంగు వేసినప్పుడు ఒక వింత చూస్తారు. అది ఎరుపు, నీలం కలిసిన రంగు కదా, ఎరుపు పడిన చోటే ముందు అతుక్కుంటుంది, నీలం ఇంకొంచెం ముందుకి పాకుతుంది. అందుకని ఊదా మచ్చ అంచున సన్నటి నీలం గీత వస్తుంది. కావాలని గీసినా అంత సన్నగా రాదు. నాకు ఈ మొత్తం పనిలో ఎక్కువ నచ్చేది అదే.

తర్వాత ఆవిరి. ఇది లేకపోతే పైన చేసిందంతా దండగ. కట్టలు విప్పకుండానే చున్నీని మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి. అల్యూమినియం వద్దు, పులుపుకి అది తినేసుకుపోతుంది. కుక్కర్ అడుగున నీళ్లు పోసి, స్టాండు మీద డబ్బా పెట్టి, వెయిట్ పెట్టకుండా మూత వేసి అరగంట సన్నసెగన ఉంచండి. ఇడ్లీ పాత్రైనా సరే. ఇవన్నీ తినే రంగులు కాబట్టి వంటపాత్రలు వాడినా భయం లేదు, తర్వాత తోముకుంటే చాలు. బట్టల రంగులు, ఆ కెమికల్ డైలు అయితే వంటపాత్రల దగ్గరికి కూడా రానివ్వకూడదు. మరిగే నీళ్లలో గుడ్డని నేరుగా వేయకండి, పట్టు మెరుపు పోతుంది.

స్టవ్ ఆపాక మూత తీయకుండా పూర్తిగా చల్లారనివ్వండి, రాత్రి చేస్తే పొద్దున దాకా వదిలేయడం ఇంకా మంచిది. డబ్బా వంచి చూడండి. అడుగున మిగిలిన నీళ్లు దాదాపు తేటగా ఉన్నాయి కదా, అంటే రంగంతా దారంలోకి వెళ్లిపోయిందన్నమాట. ఇంకా చిక్కగా రంగుతో ఉంటే రెండు చెంచాల వెనిగర్ పోసి మళ్లీ పావుగంట ఆవిరి పట్టండి.

ఇప్పుడు దారాలు తెంపుదాం. కత్తెర మొన గుడ్డకి తగలకుండా, గింజ వైపు నుంచి కోయండి. చల్లటి నీళ్లలో జాడించి, నీడలోనే ఆరేయండి. మన ఎండలో డాబా మీద వేస్తే అరగంటలో ఆరుతుంది గానీ ఈ రంగులు ఎండకి వెలిసిపోతాయి. వంటగదిలోనో వరండాలోనో ఫ్యాను కింద వేయండి. ఉతికేటప్పుడు విడిగా, చల్లటి నీళ్లలో, షాంపూతో. సబ్బు పొడి వేశారంటే దాని క్షారానికి రంగు ఊడొచ్చేస్తుంది. మొదటి ఉతుకులో కాసింత రంగు దిగితే కంగారుపడకండి, పైపైన మిగిలిపోయిందే అది.