పిల్లల కంప్యూటర్‌కి లిమిట్ పెట్టే ముందు వాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి

[తెర మీద: సగం వేసిన పక్షి బొమ్మ. ఒక రెక్క ఉంది, రెండోది ఇంకా గీతల్లోనే ఉంది. ఉన్నట్టుండి తెర నల్లబడుతుంది.]

మా ఇంట్లో కంప్యూటర్‌కి మొదటిసారి టైమ్ లిమిట్ పెట్టిన రోజు జరిగింది ఇది. మా అమ్మాయి పక్షి బొమ్మ వేస్తోంది. ఒక రెక్క అయింది, రెండోది మొదలుపెట్టింది. ఇంతలో టైమ్ అయిపోయి స్క్రీన్ లాక్ పడింది. "అమ్మా, ఇంకా సేవ్ చేయలేదు" అంది. నేను ఆ మాట పట్టించుకోకుండా కంప్యూటర్ ఆఫ్ చేసేశాను. బొమ్మ పోయింది. ఆ సాయంత్రమంతా ఆ రెక్క గురించే ఏడ్చింది.

లిమిట్ పెడుతున్నానని తనకి ముందుగా ఒక్క మాటైనా చెప్పలేదు నేను. ఆ తప్పు పూర్తిగా నాదే. అందుకే ఈ వీడియోలో చూపించే సెట్టింగ్‌లన్నీ పిల్లలు పడుకున్నాక గుట్టుగా చేయకండి. వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని, ఏది ఎందుకు పెడుతున్నారో చెబుతూ చేయండి.

[తెర మీద: లాగిన్ స్క్రీన్. రెండు పేర్లు కనిపిస్తాయి.]

అన్నిటికంటే ముందు చేయాల్సింది, పిల్లలకి వేరే అకౌంట్. చాలా ఇళ్లలో అందరూ ఒకే అకౌంట్ వాడతారు. అదే అడ్మిన్ అకౌంట్ కూడా అయి ఉంటుంది. అంటే మీరు ఏ తాళం వేసినా, ఆ తాళం తీసే అధికారం పిల్లల చేతిలోనే ఉన్నట్టు. విండోస్‌లో సెట్టింగ్స్, అకౌంట్స్, అక్కడ ఫ్యామిలీ అని ఉంటుంది. అందులో పిల్లల్ని సభ్యులుగా చేర్చండి. వాళ్లది స్టాండర్డ్ అకౌంట్‌గానే, అంటే అడ్మిన్ అధికారం లేనిదిగానే ఉంచండి. ఇక కంప్యూటర్ సెట్టింగ్‌లు మార్చాలన్నా, చాలా సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ చేయాలన్నా మీ పాస్‌వర్డ్ అడుగుతుంది.

పాస్‌వర్డ్ సంగతి కూడా చెప్పాలి. మనం కీబోర్డ్ మీద కొడుతున్నప్పుడు పిల్లలు తెర వైపు చూడరు, మన వేళ్ల వైపు చూస్తారు. నాలుగంకెల పిన్ అయితే రెండు మూడు రోజుల్లో పట్టేస్తారు. పుట్టినరోజులు, ఫోన్ నంబర్లలోని అంకెలు పెట్టకండి. కొట్టేటప్పుడు "కాస్త అటు తిరుగు" అని మామూలుగానే అడగండి. ఇందులో దాచాల్సింది ఏమీ లేదు.

[తెర మీద: మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ. స్క్రీన్ టైమ్ పేజీ.]

అకౌంట్ అయ్యాక మైక్రోసాఫ్ట్ వాళ్ల ఫ్యామిలీ సేఫ్టీ యాప్ తెరవండి. ఏ రోజు ఎంతసేపు, ఏ గంట నుంచి ఏ గంట వరకు అన్నది ఇక్కడ పెట్టొచ్చు. టైమ్ చాలకపోతే పిల్లలు ఇంకొంచెం కావాలని అక్కడి నుంచే అడగొచ్చు. మీ ఫోన్‌కి కబురు వస్తుంది, ఇవ్వడం మానడం మీ ఇష్టం. ఆ అడిగే దారిని తప్పకుండా తెరిచి ఉంచండి. అది తెలిసుంటే మా ఇంట్లో ఆ పక్షికి రెండో రెక్క వచ్చేది.

చూడకూడని సైట్లని ఆపే వెబ్ ఫిల్టర్ కూడా ఇందులోనే ఉంటుంది, దాని దగ్గర ఒక చిక్కుంది. ఇది మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎడ్జ్ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. ఇంకో బ్రౌజర్ తెరిస్తే ఫిల్టర్ లేనట్టే. కాబట్టి పిల్లల అకౌంట్‌లో మిగతా బ్రౌజర్లు బ్లాక్ అయ్యాయో లేదో మీరే ఒకసారి తెరిచి చూడండి.

మ్యాక్ వాడేవాళ్లకి సెట్టింగ్స్‌లోనే స్క్రీన్ టైమ్ ఉంటుంది, 2019లో వచ్చిన క్యాటలీనా వెర్షన్ నుంచి. ఆండ్రాయిడ్ ట్యాబ్‌కి, క్రోమ్‌బుక్‌కి గూగుల్ ఫ్యామిలీ లింక్. పద్ధతి దాదాపు ఒకటే, మళ్లీ చెప్పను.

[తెర మీద: రౌటర్ సెట్టింగ్స్ పేజీ. డీఎన్ఎస్ అన్న చోట అంకెలు టైప్ అవుతాయి.]

ఇంట్లో వైఫై వాడే పరికరాలన్నిటికీ ఒకేసారి ఫిల్టర్ పెట్టాలంటే రౌటర్‌లో పెట్టొచ్చు. మనం ఒక సైట్ పేరు కొడితే, ఆ పేరుకి అంకెల్లో చిరునామా ఏదో కంప్యూటర్ ముందు ఒక సర్వర్‌ని అడుగుతుంది. దాన్నే డీఎన్ఎస్ అంటారు. పెద్దలకు మాత్రమే అనదగ్గ సైట్ల చిరునామా ఇవ్వని డీఎన్ఎస్‌లు ఉన్నాయి. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020లో అలాంటిదొకటి ఉచితంగా పెట్టింది. రౌటర్‌లో డీఎన్ఎస్ అన్న చోట 1.1.1.3, రెండో గడిలో 1.0.0.3 అని కొట్టి సేవ్ చేస్తే చాలు.

అయితే దీనికీ కంతలున్నాయి. మొబైల్ డేటా మీదకి మారితే రౌటర్‌తో పనే లేదు. మన నెట్‌ని ఇంకో సర్వర్ మీదుగా తిప్పే వీపీఎన్ పెట్టుకున్నా అంతే. కొన్ని బ్రౌజర్లలో సెక్యూర్ డీఎన్ఎస్ అనే సెట్టింగ్ ఉంటుంది, అది మీ రౌటర్‌ని పక్కనపెట్టి వేరే చోట అడుగుతుంది. ఇంకో మాట. ఇది సైట్ మొత్తాన్ని ఆపుతుంది, లేదా మొత్తాన్ని వదిలేస్తుంది. వీడియో సైట్‌ని వదిలామంటే అందులో ఏ వీడియో వస్తుందో దానికి తెలియదు.

వీడియోల విషయంలో నాకు చాలా పనికొచ్చింది ఒక చిన్న బటన్. ఆటోప్లే ఆఫ్ చేయండి. వీడియో అయిపోగానే తెర ఆగుతుంది. ఆగిన ఆ రెండు క్షణాల్లోనే పిల్లలు తల ఎత్తి చుట్టూ చూస్తారు. ఆటోప్లే ఉంటే ఆ అవకాశమే రాదు, ఒకటి అవగానే ఇంకొకటి వచ్చి పడుతుంది.

[తెర మీద: కుర్చీలో కూర్చున్న పాప. కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. తర్వాత కాళ్ల కింద ఒక పెట్టె.]

ఇప్పుడు ఒంటి సంగతి. పెద్దవాళ్ల కుర్చీలో పిల్లలు కూర్చుంటే కాళ్లు నేలకి ఆనవు, నడుం ముందుకు జారుతుంది, మెడ పైకి సాగుతుంది. కాళ్ల కింద గట్టి పెట్టె ఒకటి పెట్టండి, వీపు వెనక దిండు పెట్టండి. తెర ఒక చేతి దూరంలో, పై అంచు కళ్ల ఎత్తుకి ఉండాలి.

తెర చూసేటప్పుడు మనం కనురెప్పలు తక్కువ ఆడిస్తాం, అందుకే కళ్లు ఎండిపోయి మండుతాయి. కంటి డాక్టర్లు చెప్పే 20-20-20 పద్ధతి తేలికైంది. 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదేదైనా 20 సెకన్లు చూడడం. అంటే దాదాపు 6 మీటర్లు. గదిలో అంత దూరం ఉండదు కాబట్టి కిటికీ దగ్గరకి వెళ్లమనండి. రోజూ కొంతసేపు ఆరుబయట ఆడితే హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి మసకగా కనిపించే సమస్య, వచ్చే అవకాశం తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. పడుకునే గంట ముందే తెరలన్నీ ఆపేయండి, మనవి కూడా.

ఎంతసేపు చూడొచ్చు అని అందరూ అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 5 ఏళ్ల లోపు పిల్లలకి చెప్పింది: 2 ఏళ్లు నిండనివాళ్లని తెర ముందు కూర్చోబెట్టొద్దు, 2 నుంచి 4 ఏళ్ల వాళ్లకి రోజుకి గంట దాటొద్దు. అంతకంటే పెద్ద పిల్లలకి నేనైతే గంటలు లెక్కపెట్టను. నిద్ర, ఆట, చదువు, మనుషులతో మాటలు, వీటిలో దేనికి గండి పడుతోందో చూస్తాను. గంటసేపు కోడింగ్ నేర్చుకోవడం, గంటసేపు వేలితో వీడియోలు తోసుకుంటూ పోవడం ఒకటి కాదు కదా.

[తెర మీద: ఖాళీ తెర. మాటలు మాత్రమే.]

ఇక్కడ ఆగి నిదానంగా చెప్పాలి. ఎన్ని ఫిల్టర్లు పెట్టినా ఏదో ఒక రోజు చూడకూడనిది కంట పడుతుంది. లేదా ముక్కూమొహం తెలియనివాళ్లు ఆటలో పలకరించి ఫొటో అడుగుతారు. ఆ క్షణంలో పిల్లల బుర్రలో తిరిగే ప్రశ్న ఒక్కటే. అమ్మకి చెబితే కంప్యూటర్ లాగేసుకుంటుందా? లాగేసుకుంటుందని అనిపిస్తే ఇక చెప్పరు. అందుకే నేను మా అమ్మాయికి ముందే మాటిచ్చాను. "ఏం చూసినా, పొరపాటున నువ్వే నొక్కినా, వచ్చి నాకు చెప్పు. చెప్పినందుకు కంప్యూటర్ తీసేయను." ఒకసారి నిజంగానే వచ్చి చెప్పింది. లోపల టెన్షన్ పడ్డాను గానీ, మాట తప్పలేదు. ఇద్దరం కలిసి ఆ మనిషిని బ్లాక్ చేసి, రిపోర్ట్ కొట్టాం.

[తెర మీద: క్యాలెండర్. ఒక తేదీ చుట్టూ గుండ్రంగా గీత.]

పిల్లలు పెరిగే కొద్దీ సెట్టింగ్‌లూ మారాలి. 7 ఏళ్లప్పుడు పెట్టినవి 13 ఏళ్లప్పుడు కూడా అలాగే ఉంటే, వాటిని దాటే దారి వెతకడంలోనే వాళ్ల తెలివంతా పోతుంది. మేము ఏటా తన పుట్టినరోజు వారంలో కూర్చుని అన్నీ తిరగేస్తాం. ఈసారి మూడు కోరికలు కాగితం మీద రాసుకుని వచ్చింది. సెలవు రోజుల్లో అరగంట ఎక్కువ, సరే అన్నాను. టైమ్ అయిపోయే పది నిమిషాల ముందు నేనే వచ్చి చెప్పాలి, దానికీ సరే. కంప్యూటర్ తన గదిలోకి మార్చడం మాత్రం ఇప్పుడే కాదన్నాను, ఎందుకో చెప్పాను. కాసేపు మూతి ముడుచుకుని, ఆ మూడోదాని పక్కన "వచ్చే ఏడాది" అని రాసి కాగితం దాచుకుంది.