రేపటి సంగతి తెలియని పాట

శ్రోతలకు నమస్కారం.

చారిత్రక చిత్రం అనగానే మనకు కోటలు, కిరీటాలు, గుర్రపు దండు గుర్తుకొస్తాయి. ఈ రోజు నేను చెప్పబోయే చరిత్ర అంత పాతది కాదు. అందులో రాజులు లేరు. ట్రాన్సిస్టర్లు ఉన్నాయి, పడవల్లాంటి కార్లు ఉన్నాయి, గుండ్రంగా పెంచిన జుట్లు ఉన్నాయి, పోలీసుల లాఠీలు ఉన్నాయి. 1960, 70 దశకాల అమెరికా, అక్కడి నల్లజాతీయుల హక్కుల పోరాటం. ఆ కాలాన్ని తెరకెక్కించే దర్శకులు చాలామంది ఏదో ఒకచోట ఆనాటి నల్లజాతి గాయకుల సోల్ పాటను ఆశ్రయిస్తారు. అది ఎక్కడ పండుతుంది, ఎక్కడ తేలిపోతుంది అన్నదే ఈ ప్రసంగం.

ముందు ఒక సన్నివేశం చూద్దాం. స్పైక్ లీ తీసిన ‘బ్లాక్‌క్లాన్స్‌మన్’, 2018 నాటి చిత్రం. ఊరు కొలరాడో స్ప్రింగ్స్. రాన్ స్టాల్‌వర్త్ అనే నల్లజాతి పోలీసు మఫ్టీలో ఒక విద్యార్థుల సభకు వెళ్తాడు. సభ ఏర్పాటు చేసిన పాట్రీస్‌తో పరిచయం పెంచుకుంటాడు. తాను పోలీసునని మాత్రం చెప్పడు. ఆ రాత్రి ఆమె బార్‌కు ఆలస్యంగా వస్తుంది. దారిలో పోలీసులు కారు ఆపి ఎంత నీచంగా ప్రవర్తించారో చెబుతుంది. ఎదురుగా కూర్చుని వింటున్నవాడూ పోలీసే. తర్వాత పాట మొదలవుతుంది. ఫ్లోరిడాకు చెందిన తోబుట్టువుల బృందం కొర్నీలియస్ బ్రదర్స్ అండ్ సిస్టర్ రోజ్ పాడిన ‘టూ లేట్ టు టర్న్ బ్యాక్ నౌ’. ప్రేమలో పడ్డాను, ఇక వెనక్కి మళ్లలేను అని దాని సారాంశం. బార్‌లో ఉన్నవాళ్లంతా ఆడతారు, గొంతు కలుపుతారు. కథ ముందుకు నడవదు, ఎవరూ కొత్త విషయం చెప్పరు. దర్శకుడికి తొందర లేదు, పాటను సాగనిస్తాడు. అవమానం మోసుకుని వచ్చిన అమ్మాయి ముఖం కొద్దికొద్దిగా విప్పారుతుంది. అబద్ధం దాచుకున్న అబ్బాయి మాత్రం పాటలోని మాటల్లో నిజంగానే చిక్కుకుంటాడు. వెనక్కి మళ్లే అవకాశం అతనికీ లేదు మరి.

ఈ పాట 1972లో వచ్చింది, సినిమా కూడా ఆ ప్రాంతాల్లోనే జరుగుతుంది. ఈ కథకు మూలమైన అసలు స్టాల్‌వర్త్, తెల్లజాతి దురహంకారుల ముఠా ‘కు క్లక్స్ క్లాన్‌’లోకి చొరబడింది మాత్రం 1978, 79లలో. స్పైక్ లీ కథను ఆరేడేళ్లు వెనక్కి జరిపాడు. జరపకపోతే ఆ బార్‌లో మోగేది డిస్కో. ఆ మెరుపుల దీపాల కింద, ఆ యంత్రంలాంటి తాళంలో ఇదే సన్నివేశం తీసి ఉంటే ఇంకో సినిమా అయ్యేది. సంవత్సరం మార్చడానికి దర్శకుడికి వేరే కారణాలు ఉండవచ్చు, నాకైతే ఆ పాట ఒక్కటి చాలు.

పాత పాటను చాలామంది గోడ మీద క్యాలెండరులా వాడేస్తారు. తెర మీద 1968 అని అక్షరాలు పడతాయి, వెనకాల ఆ ఏడాది బాగా అమ్ముడైన పాట ఒకటి మోగుతుంది, వీధిలో నాలుగు పాత కార్లు పోతాయి. పని అయిపోయిందని అనుకుంటారు. మన సినిమాల్లో గూట్లో రేడియో పెట్టి ఘంటసాల గొంతు వినిపించినట్టే. కాలం తెలుస్తుంది, అంతకు మించి ఏమీ జరగదు. పైగా పాత రికార్డును సినిమాలో వాడాలంటే రెండు అనుమతులు కావాలి. పాట రాసినవారి హక్కు ఒకటి, ఆ రికార్డింగు హక్కు మరొకటి. రెండింటికీ డబ్బు కట్టి, అంతా చేసి దాన్ని క్యాలెండరుగా వాడటం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సినిమా కోసం ఇప్పుడు కూర్చిన నేపథ్య సంగీతానికి, ఆనాటి పాటకు పెద్ద తేడా ఒకటుంది. నేపథ్య సంగీతం రాసే మనిషి కథ మొత్తం చదువుకుని కూర్చుంటాడు. ఎవరు చనిపోతారో అతనికి తెలుసు. అందుకే వయొలిన్లు ముందే మనల్ని హెచ్చరిస్తాయి. పాత పాటకు ఆ సంగతేమీ తెలియదు. 1972లో పాడినవాళ్లు 1972లోనే ఉన్నారు. రేపు ఏమవుతుందో తెలియని గొంతు అది. ప్రేక్షకులకేమో జరగబోయేది తెలుసు. ఆ ఎడం లోంచే దిగులు పుడుతుంది. దర్శకుడు ఏడిపించడానికి వేరే ప్రయత్నం చేయనక్కర్లేదు.

సోల్ సంగీతానికి ఇది మరీ బాగా కుదరడానికి కారణం దాని పుట్టుకలో ఉంది. అది నల్లవారి చర్చిలో పెరిగిన గానం. అక్కడ బోధకుడు ఒక మాట అంటే సభ వంత పాడుతుంది. గాయకుడు ఒక్క అక్షరాన్ని పట్టుకుని మన గమకంలా నాలుగైదు స్వరాల మీదుగా జార్చుకుంటూ తీసుకెళ్తాడు. దేవుడి మీద పాడిన ఆ పద్ధతినే 1950లలో రే చార్ల్స్, సామ్ కుక్ లాంటివారు ప్రేమ పాటలకు తెచ్చారు. చర్చి పెద్దలకు అది నచ్చలేదు. కానీ ఆ గొంతులో సంతోషానికీ వేదనకూ మధ్య గోడ లేదు. అందుకే ఉల్లాసంగా సాగే పాటను భయం నిండిన దృశ్యం మీద పెట్టినా అతకనట్టు ఉండదు.

ఇక ఆ శబ్దం సంగతి. రెండు క్షణాలు వింటే చాలు, ఇది ఆ కాలం పాట అని చెవి పట్టేస్తుంది. దానికి గదులు కారణం, మైకులు కారణం, మనుషులు కారణం. మెంఫిస్ నగరంలో స్టాక్స్ అనే రికార్డు కంపెనీ స్టూడియో ఉండేది మెక్‌లెమోర్ అవెన్యూలోని ఒక పాత సినిమా హాల్లో. కుర్చీలు తీసేశారు, నేల వాలు మాత్రం అలాగే ఉంచేశారు. ఒకప్పుడు వేదిక ఉన్నచోట రికార్డింగు యంత్రాలు పెట్టారు. ఆ వాలు నేల మీద, ఎత్తైన కప్పు కింద డ్రమ్ము దెబ్బకు వచ్చే మోత మరెక్కడా రాదు. అక్కడి ఆస్థాన వాద్యబృందంలో ఇద్దరు నల్లవారు, ఇద్దరు తెల్లవారు. బయట మెంఫిస్‌లో అది సాధారణ విషయం కాదు. 1965లో విల్సన్ పికెట్ పాట ఒకటి రికార్డు చేస్తుండగా, అట్లాంటిక్ కంపెనీ నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ లేచి అప్పుడు కుర్రకారు ఆడుతున్న నృత్యాన్ని ఆడి చూపించాడట. అది చూసి డ్రమ్ము వాయించే అల్ జాక్సన్, గిటారు వాయించే స్టీవ్ క్రాపర్ రెండో దెబ్బను, నాలుగో దెబ్బను వెంట్రుకవాసి ఆలస్యంగా వేయడం మొదలుపెట్టారు. తాళం తప్పదు, కానీ కాస్త వెనక్కి వాలి నడుస్తుంది. ఇప్పటి స్టూడియోలో కంప్యూటర్ అన్ని దెబ్బలనూ గీత గీసినట్టు సరిచేస్తుంది. కొత్తగా ‘పాత తరహా’ పాట చేయించుకున్న సినిమాల్లో ఏదో వెలితి తోస్తే, చాలాసార్లు లోపం అక్కడే ఉంటుంది.

అసలు రికార్డునే వాడినా ఇంకో చిక్కుంది. స్టూడియో నుంచి వచ్చిన పాట శుభ్రంగా ఉంటుంది. సినిమాలోని పాత్రకు అది కారు రేడియోలోనో పక్కింటి కిటికీలోంచో వినిపించాలి. 1962 నాటి ఒక రాత్రి కథగా జార్జ్ లూకస్ 1973లో ‘అమెరికన్ గ్రాఫిటీ’ తీసినప్పుడు, శబ్ద సంకలనం చేసిన వాల్టర్ మర్చ్ ఒక ఉపాయం చేశాడు. పాటలను ఆరుబయట స్పీకరులో వినిపించి, కొంత దూరం నుంచి మైకుతో మళ్లీ రికార్డు చేశాడు. స్పీకరు ఒకరు పట్టుకుని అటూ ఇటూ తిప్పుతారు, మైకు ఇంకొకరు తిప్పుతారు. గాలిలో కొట్టుకుని, గోడకు తగిలి, అరిగి చెవిన పడే పాట అలా తయారైంది. అది సోల్ చిత్రం కాదు, కానీ తర్వాత ఆ కాలపు సినిమాలు తీసినవారందరికీ ఆ పాఠం పనికొచ్చింది. పాట గదిలో ఉంటే పాత్రలు వింటున్నాయని నమ్ముతాం. గదిలో లేకపోతే దర్శకుడు మన చెవిలో ఏదో చెబుతున్నాడని తెలిసిపోతుంది.

గదిలో ఉన్న పాటను అర్ధాంతరంగా ఆపేస్తే? కాథరిన్ బిగెలో 2017లో తీసిన ‘డెట్రాయిట్’ ఆ పని చేసింది. 1967 జులై 23న డెట్రాయిట్‌లో పోలీసు దాడితో మొదలైన అల్లర్లలో 43 మంది చనిపోయారు. అప్పుడు ఆ ఊరు మోటౌన్ అనే రికార్డు కంపెనీకి రాజధాని. వాళ్ల పాటలు దేశంలో ప్రతి కారులోనూ మోగేవి. కారు రేడియోలో ఎలా వినిపిస్తుందో చిన్న స్పీకరు పెట్టి మరీ సరిచూసుకునేవారు. సినిమాలో ‘డ్రమాటిక్స్’ అనే కుర్రాళ్ల బృందం ఫాక్స్ థియేటర్‌లో తెర వెనక తమ వంతు కోసం నిలబడి ఉంటుంది. ఒకే రకం సూట్లు, ఒకే రకం అడుగులు. పేరొచ్చే రోజు ఇదేనని వాళ్ల నమ్మకం. ఇంతలో బయట గొడవలని ప్రదర్శన ఆపేస్తారు, జనం వెళ్లిపోతారు. లారీ రీడ్ అనే గాయకుడు వేదిక మీదికి వచ్చి ఖాళీ కుర్చీల ముందు ఒక్కడే పాడతాడు. తర్వాత లారీ, అతని మిత్రుడు ఫ్రెడ్ టెంపుల్ తలదాచుకున్న చోటు అల్జీర్స్ మోటెల్. మోటౌన్ స్టూడియోకు రెండు మైళ్ల లోపే ఉంటుంది. అక్కడికి పోలీసులు వచ్చారు. తెల్లారేసరికి ముగ్గురు నల్లజాతి కుర్రాళ్లు శవాలయ్యారు, వారిలో ఫ్రెడ్ ఒకడు. డ్రమాటిక్స్‌కు పెద్ద పేరు 1971లో వచ్చింది, అదీ స్టాక్స్ వారి అనుబంధ సంస్థ రికార్డుతో. అప్పటికి బృందంలో లారీ లేడు. మోటెల్ సన్నివేశం గురించి విమర్శకులు చాలా రాశారు. నాకు మాత్రం ఆ సినిమాకు ఆయువుపట్టు ఖాళీ హాలు సన్నివేశమే.

ఇక సామ్ కుక్ దగ్గరికి వద్దాం. చర్చి పాటల బృందంలో పేరు తెచ్చుకుని, 1957లో ప్రేమ గీతాలకు మారి, తెల్లవారి ఇళ్లలో కూడా మోగిన గాయకుడు. 1963 అక్టోబరులో లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో ఒక హోటలు వాళ్లు ఆయనకు గది లేదు పొమ్మన్నారు. ఆయన ఊరుకోలేదు, అరెస్టు చేశారు. 1964 జనవరి 30న ‘ఎ చేంజ్ ఈజ్ గోనా కమ్’ రికార్డు చేశాడు. రెనీ హాల్ దానికి వయొలిన్లు, కొమ్ము వాద్యం, పెద్ద నగారాలు కూర్చాడు. ప్రేమ పాటల కుక్‌కు అలాంటి గంభీరమైన హంగు కొత్త. ఆ డిసెంబరు 11న లాస్ ఏంజెలిస్‌లో ఒక మోటెల్‌లో తుపాకీ గుండుకు చనిపోయాడు. వయసు 33. పదకొండు రోజుల తర్వాత ఆ పాట సింగిల్ రికార్డుకు రెండో వైపున విడుదలైంది. రేడియోల కోసం అందులో ఒక చరణం కత్తిరించారు. సినిమా హాలుకు వెళ్తే, ఊరి నడిబొడ్డుకు వెళ్తే, ఇక్కడ తిరగొద్దని తనను తరిమేస్తున్నారని చెప్పే చరణం అది.

స్పైక్ లీ 1992లో తీసిన ‘మాల్కమ్ ఎక్స్’లో ఈ పాట చివరికి వస్తుంది. 1965 ఫిబ్రవరి 21, నల్లజాతి నాయకుడు మాల్కమ్ తాను హత్యకు గురి కాబోయే ఆడుబాన్ హాలుకు బయల్దేరతాడు. సింగిల్ విడుదలై అప్పటికి రెండు నెలలు. మార్పు వస్తుందని పాడిన మనిషి చనిపోయాడు. ఆ పాట వెంట వెళ్తున్న మనిషి చనిపోబోతున్నాడు. ఒకచోట మాల్కమ్ వేషం వేసిన డెంజెల్ వాషింగ్టన్ నడవడు, నేల మీద తేలిపోతున్నట్టు ముందుకు వస్తాడు. కెమెరాను, నటుణ్ణి ఒకే బండి మీద ఎక్కించి లాగితే వచ్చే చిత్రమది. కాళ్లు కదలవు, వీధి వెనక్కి జరుగుతుంది. ఎవరో తీసుకెళ్తున్నట్టు ఉంటుంది గానీ, తాను వెళ్తున్నట్టు ఉండదు. ఆ గొంతు కింద లేకపోతే అది కెమెరా గారడీగా మిగిలేది.

ఇదే పాటను రెజీనా కింగ్ 2020లో ‘వన్ నైట్ ఇన్ మయామి’లో వాడింది. 1964 ఫిబ్రవరి 25 రాత్రి, తర్వాత మహమ్మద్ అలీగా పేరు మార్చుకున్న బాక్సర్ కాషియస్ క్లే ప్రపంచ విజేత అయ్యాక, మాల్కమ్ ఎక్స్, సామ్ కుక్, ఫుట్‌బాల్ ఆటగాడు జిమ్ బ్రౌన్, క్లే ఒక గదిలో కలుస్తారు. బాబ్ డిలన్ రికార్డు పెట్టి, ఒక తెల్ల కుర్రాడు మన బాధ పాడుతుంటే నువ్వేం పాడుతున్నావని మాల్కమ్ కుక్‌ను నిలదీస్తాడు. చివర్లో కుక్ జానీ కార్సన్ టీవీ కార్యక్రమంలో ఈ పాట పాడతాడు. చూస్తుంటే గుండె నిండుతుంది. లెక్క మాత్రం తప్పు. ఆ రాత్రికి 26 రోజుల ముందే పాట రికార్డయింది. ఫిబ్రవరి 7నే ఆయన కార్సన్ కార్యక్రమంలో పాడేశాడు. డిలన్ పాట కుక్‌ను కదిలించిన మాట నిజమే, దానికి మాల్కమ్ పొడవనక్కర్లేదు. సినిమాలు తేదీలు జరపడం నాకు అభ్యంతరం కాదు, ఇందాక కొలరాడో సంగతిలో మెచ్చుకున్నాను కూడా. ఇక్కడ జరిగింది తేదీ ఒక్కటే కాదు. ష్రీవ్‌పోర్ట్ హోటలు మెట్ల మీద సామ్ కుక్ తానే తెచ్చుకున్న పాటను, ఒక మిత్రుడు తిట్టి రాయించినట్టు చూపించారు.

ఆ ఫిబ్రవరి 7 కార్యక్రమం టేపు ఇప్పుడు లేదు. టీవీ కెమెరా ముందు సామ్ కుక్ ఈ పాట ఎలా పాడి ఉంటాడో చూడాలంటే, లెస్లీ ఓడమ్ జూనియర్ నటించిన ఆ లెక్క తప్పిన సన్నివేశమే దిక్కు. పాట మట్టుకు వినాలనుకునేవారు సింగిల్ కాకుండా 1964 ఆల్బమ్‌లోని రూపం వెతకండి. సినిమా హాలు చరణం అందులో ఉంది.

నమస్కారం.