కెమెరాలో మన ఇంటి టైము

అందరికీ నమస్కారం. ఈరోజు మూడు దేశాల ఫొటోలు చూపిస్తాను. చూసేటప్పుడు ప్రతి ఫొటో కింద మూలన ఉన్న టైము మీద కూడా ఒక కన్నేసి ఉంచండి.

మొదటిది కంబోడియాలోని ఆంగ్‌కోర్ వాట్. గుడి పడమటి ముఖంగా ఉంటుంది. అందుకే తెల్లవారుజామున ఎదురుగా నిలబడితే సూర్యుడు గోపురాల వెనక నుంచి లేస్తాడు. కోనేటి గట్టున చోటు కోసం జనం చీకట్లోనే వచ్చేస్తారు. నీళ్లలో ఆ గోపురాల నీడ చూడండి, ఎంత నిశ్చలంగా ఉందో.

ఇప్పుడు టైము చూడండి: 4:31. ఆ వేళ సూర్యోదయమేమిటి అనిపిస్తుంది. నిజానికి అక్కడ అప్పటికి ఆరు దాటింది. కంబోడియా మనకంటే గంటన్నర ముందుంటుంది. ఫోన్ తనంతట తానే టైము మార్చుకుంది, కెమెరాలో నేను మార్చడం మర్చిపోయాను. ఇంటికొచ్చి రెండింటి ఫొటోలూ లాప్‌టాప్‌లో ఒకచోట వేస్తే అంతా కలగాపులగం. గుడి లోపల తీసినవి, బయట తీసినవాటి కంటే ముందొచ్చి కూర్చున్నాయి.

సరిచేయడం పెద్ద పనేం కాదు. ఫొటోలన్నిటికీ ఒకేసారి గంటన్నర కలిపే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఆ పని మీదే ఉండగా అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆ 4:31 చూసి, "నవంబరు అంటే కార్తీకమేగా. ఆ టైముకి నేను తులసికోట దగ్గర దీపం పెడుతున్నానే" అంది.

అంతే, ఇక మార్చబుద్ధి కాలేదు. గుంటూరులో అమ్మ దీపం వెలిగిస్తున్న వేళకే నేనక్కడ కోనేటి గట్టున నిలబడి ఉన్నాను. అప్పట్నుంచి ఏ దేశం వెళ్లినా కెమెరాలో మన టైమే ఉంచుతున్నాను.

అదే గుడిలో ఇంకో ఫొటో. తూర్పు మండపం గోడ మీద క్షీరసాగర మథనం, దాదాపు 49 మీటర్ల పొడవు. 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మ కట్టించిన గుడి ఇది. ఒకవైపు 92 మంది అసురులు, ఇంకోవైపు 88 మంది దేవతలు, మధ్యలో విష్ణుమూర్తి. దేవతల వరస చివర వాసుకి తోక పట్టుకున్నది ఎవరో చూశారా? వానరం. హనుమంతుడంటారు. మన ఇళ్లలో చెప్పుకునే కథలో ఆయన ఇక్కడ కనిపించడు. ఆ శిల్పం ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను.

ఇది ఇస్తాంబుల్, గలాటా వంతెన. పొద్దు గుంకుతోంది, గేలాలు వేసిన వాళ్లు బారులు తీరి ఉన్నారు. టైము 11:05. ఇక్కడ అమ్మ ఒక నిద్ర తీసి ఉంటుంది.

చివరిది లండన్, బ్రిటిష్ మ్యూజియం. టైము 3:40, అంటే అమ్మ మధ్యాహ్నం కునుకు తీసి టీ పెట్టుకునే వేళ. అక్కడ ఉదయం 11:10. ఇది మన అమరావతి స్తూపం రాయి. బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి మద్రాసు చేర్చిన శిల్పాల్లో చాలావాటిని 1859లో లండన్ పంపారు. ఈ పలకను దగ్గరగా చూడండి. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, పాదాల గుర్తులు. బుద్ధుడి రూపం ఉండదు, ఆ గుర్తులే బుద్ధుడు. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి, వెనకవైపు ఇంకో శిల్పి స్తూపం చెక్కాడు. గుంటూరు నుంచి గంట ప్రయాణంలో ఉండే ఊరి రాళ్లను అంత దూరం వెళ్లి గాజు అవతల నుంచి చూడాల్సి రావడం నాకు బాధగానే ఉంది. ఫొటోలో ఆ గాజు మీద పడిన నీడ నాదే.

ఈ ఫొటో దగ్గర అమ్మ ఆగిపోయింది. వాళ్ల పుట్టిల్లు సత్తెనపల్లి వైపు. తెర మీద వేలు పెట్టి, "ఏమే, ఇది మా ఇంటి అరుగు మీద పరిచిన రాయిలా లేదూ?" అంది. కళ్లజోడు తెచ్చుకుని మళ్లీ చూసింది. ఆ అరుగు మీద తాతయ్య కూర్చునే మూల, వానొస్తే ఆ రాయి రంగు ఎలా మారేదో చెప్పింది. ఇవన్నీ నేనెప్పుడూ వినలేదు. ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను.

వచ్చే నెల అమ్మని చెన్నై తీసుకెళ్తున్నాను. అమరావతి శిల్పాలు ఎగ్మూరు మ్యూజియంలో కూడా చాలా ఉన్నాయి. ఈసారి కెమెరా అమ్మ చేతికే ఇస్తాను.