ప్రాసెసర్ లాక్ అయినా ఫర్వాలేదు: 28 సెకన్ల తర్వాత ఏమవుతుందో చూడండి

నమస్తే ఫ్రెండ్స్.

మొన్న తణుకు నుంచి మా బాబాయి గారబ్బాయి ఫోన్ చేశాడు. వాడిది పెళ్ళి వీడియోల ఎడిటింగ్. "అన్నయ్యా, సిస్టం బాగా స్లో అయిపోయింది. ఎక్స్‌పోర్ట్ పెడితే మొదట్లో బాగానే పరిగెడుతుంది, తర్వాత నత్తనడక. మూఢం వెళ్ళగానే వరసగా ముహూర్తాలున్నాయి. అప్పు చేసైనా కొత్తది తీసుకుందామనుకుంటున్నా" అన్నాడు. "ఆగరా, అప్పుడే కొనకు. ఆదివారం నేనొస్తున్నా" అన్నాను.

మొదట పరిగెడుతుంది, తర్వాత నడుస్తుంది. వాడికి తెలియకుండానే జబ్బు పేరు చెప్పేశాడు. ఈ రోజు వీడియో అంతా ఆ మాట గురించే.

వాడి సిస్టంలో ఉన్నది ఇంటెల్ కోర్ ఐ5-11400ఎఫ్. 2021లో వచ్చిన 11వ తరం చిప్, ఆరు కోర్లు (లోపల పనిచేసే ఆరు మెదళ్ళనుకోండి), 12 థ్రెడ్లు (ఒకేసారి నడిచే పని వరసలు). మదర్‌బోర్డు బీ560 రకం. ర్యామ్ రెండు 8 జీబీ స్టిక్కులు, డీడీఆర్4, డబ్బా మీద 3200 అని ఉంది. పేరు చివర కే అక్షరం లేదు కాబట్టి ఇది లాక్ చేసిన ప్రాసెసర్. ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. వీడి గ్రాఫిక్స్ కార్డు పాతది. దాంతో చేస్తే క్వాలిటీ నచ్చట్లేదని ఎక్స్‌పోర్ట్ మొత్తం ప్రాసెసర్ మీదే చేస్తాడు. అంటే ఆరు కోర్లూ గంటల తరబడి ఫుల్ లోడ్ మీద ఉంటాయి.

ఇంతకీ లాక్ దేనికి వేశారు? ప్రాసెసర్ వేగం అంటే బేస్ క్లాక్ ఇంటూ మల్టిప్లయర్. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్, మల్టిప్లయర్ 44 అయితే 4.4 గిగాహెర్ట్జ్. ఆ 44ని మీరు 48 చేసుకోలేరు. లాక్ అంటే అదే. మరి ఆ 100నే పెంచితే? 2015 చివర్లో ఇంటెల్ వారి స్కైలేక్ తరం ప్రాసెసర్ల మీద కొన్ని బోర్డు కంపెనీలు బయోస్ (సిస్టం ఆన్ అవగానే ముందు నడిచే, బోర్డులోని సెట్టింగుల ప్రోగ్రాం) ద్వారా ఆ దారి తెరిచాయి. అలా చేస్తే టెంపరేచర్ సరిగ్గా చూపించేది కాదు, ఏవీఎక్స్ అనే భారీ లెక్కల పనుల్లో వేగం పడిపోయేది. 2016 మొదట్లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాం) అప్‌డేట్‌తో ఆ దారి మూసేసింది. దాని జోలికి మనం వెళ్ళం. రోజూ అన్నం పెట్టే సిస్టంతో అలాంటి ప్రయోగాలు వద్దు.

మనకి 4.4 మీద ఇంకా అదనంగా ఏమీ అక్కర్లేదు. మనం డబ్బు కట్టి కొన్న వేగమే మనకి అందట్లేదు. ముందు అది తెచ్చుకోవాలి.

ఆదివారం వెళ్ళాను. ప్రాసెసర్ వేగం, పవర్, వేడి చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేసి, పక్కనే ఒక పెళ్ళి ఫైలు ఎక్స్‌పోర్ట్ పెట్టాం. స్క్రీన్ మీద చూడండి. ఆరు కోర్లూ 4.2 గిగాహెర్ట్జ్. ఈ చిప్‌కి అన్ని కోర్లూ కలిసి పనిచేసేటప్పుడు పై హద్దు అదే. ప్యాకేజ్ పవర్, అంటే ప్రాసెసర్ మొత్తం తీసుకునే పవర్, 100 వాట్లు దాటింది. ఇప్పుడు గడియారం చూస్తూ ఉండండి... 25... 27... 28. అదిగో! 65 వాట్లకి పడిపోయింది. క్లాక్ 3.3 దగ్గర నిలబడింది. ఇక ఆ ఎక్స్‌పోర్ట్ అయ్యేదాకా పైకి లేవలేదు. మా వాడు కుర్చీ ముందుకి జరుపుకుని, "అంటే రోజూ ఇదే జరుగుతోందా?" అన్నాడు. రోజూ ఇదేరా.

కారణం చెప్తాను. ఇంటెల్ ఇందులో రెండు పవర్ హద్దులు పెట్టింది. పీఎల్1 అంటే ఎంతసేపైనా వాడుకోగలిగే పవర్, దీనికి 65 వాట్లు. పీఎల్2 అంటే కాసేపు వాడుకోగలిగే పవర్, దీనికి 154 వాట్లు. ఆ కాసేపు ఎంతో చెప్పేది టావ్, అది 28 సెకన్లు. బ్రౌజర్ తెరిచినా, ఫొటో ఎడిట్ చేసినా పని 28 సెకన్ల లోపే అయిపోతుంది, తేడా తెలీదు. గంటసేపు ఎక్స్‌పోర్ట్ పెట్టేవాడికి మాత్రం మొదటి అర నిమిషం తప్ప మిగతాదంతా 65 వాట్ల మీదే. కొన్ని బోర్డులు ఈ హద్దుల్ని ముందే ఎత్తేసి వస్తాయి, కొన్ని ఇంటెల్ చెప్పినట్టే ఉంచుతాయి. వాడిది రెండో రకం. ముఖ్యమైన సంగతి ఏంటంటే, ఈ హద్దులకి లాక్ లేదు. బీ560 బోర్డుల్లో మామూలుగా బయోస్‌లోనే మార్చుకోవచ్చు.

సిస్టం ఆన్ చేస్తూ డిలీట్ కీ నొక్కండి, బయోస్ వస్తుంది. అడ్వాన్స్‌డ్ మోడ్‌లో సీపీయూ పవర్ సెట్టింగ్స్ ఉంటాయి. లాంగ్ డ్యూరేషన్ పవర్ లిమిట్ అని ఉన్నదే పీఎల్1. చాలామంది ఇక్కడ 4095 కొట్టేసి వెళ్ళిపోతారు, అంటే హద్దే లేకుండా. దయచేసి అలా చేయకండి. వాడి దగ్గరున్నది ప్రాసెసర్ డబ్బాలో వచ్చిన చిన్న కూలర్. గదిలో ఏసీ లేదు, మే నెలలో మధ్యాహ్నం లోపల కూర్చోలేం. ఈ చిప్ 100 డిగ్రీలకి చేరితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అప్పుడు మొదటికే వస్తాం. పైగా ప్రాసెసర్ పక్కన పవర్ అందించే భాగం, వీఆర్ఎం, దానికి చవక బోర్డుల్లో హీట్‌సింక్ కూడా ఉండదు.

అందుకే మెట్టు మెట్టుగా ఎక్కాం. ముందు కూలర్ విప్పి ఫ్యాన్‌లో దుమ్ము దులిపి, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాశాం. పీఎల్1 80 పెట్టి పది నిమిషాలు లోడ్ ఇచ్చాం, ఫర్వాలేదు. 95 పెట్టాం. క్లాక్ 3.9 దగ్గర, టెంపరేచర్ 84. 110 పెడితే 93కి వెళ్ళింది, ఎండాకాలానికి అది ఎక్కువ. వెనక్కొచ్చి 95 దగ్గర ఆపేశాం. మీ కూలర్‌కి, మీ గదికి మీ అంకె వేరుగా ఉంటుంది. నా అంకె కాపీ కొట్టకండి, టెంపరేచర్ చూసి మీరే తేల్చుకోండి.

ఇక ర్యామ్. నిజం చెప్పాలంటే నాకు ఎక్కువ బాధ కలిగింది ఇక్కడే.

సైడ్ ప్యానెల్ తీసి చూస్తే నాలుగు స్లాట్లలో ప్రాసెసర్ పక్కనున్న మొదటి రెండింట్లో రెండు స్టిక్కులూ అతుక్కుని ఉన్నాయి. బిగించినవాళ్ళు అలాగే ఇచ్చారు, మూడేళ్ళు అలాగే నడిచింది. మామూలుగా నాలుగు స్లాట్ల బోర్డులో మొదటి రెండూ ఒక ఛానెల్ (ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారి), తర్వాతి రెండూ ఇంకో ఛానెల్. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది వాడాలి. 3200 వేగంతో ఒక్క ఛానెల్ సెకనుకి 25.6 జీబీ మోయగలదు, రెండు ఛానెళ్ళయితే 51.2. పైసా ఖర్చు లేదు. ప్లగ్ తీసేసి, ఒక స్టిక్ క్లిప్పు వదులు చేసి, పక్క స్లాట్‌లో టక్‌మని శబ్దం వచ్చేదాకా నొక్కడమే.

అంతేకాదు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ స్పీడ్ 2666 చూపిస్తోంది. 3200 ర్యామ్ కొన్నంత మాత్రాన అది 3200లో నడవదు. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తేనే స్టిక్‌లో రాసి ఉన్న వేగం, టైమింగులు, 1.35 వోల్టులు అమల్లోకి వస్తాయి. సీఎల్ అంటే అడిగిన డేటా ఇవ్వడానికి ర్యామ్ తీసుకునే క్లాక్ సైకిళ్ళు. 2666లో సీఎల్19 అంటే సుమారు 14.25 నానోసెకన్ల ఆలస్యం. 3200లో సీఎల్16 అంటే 10. ఎక్స్‌ఎంపీని కూడా ఇంటెల్ ఓవర్‌క్లాకింగ్ కిందే లెక్కేస్తుంది, వారంటీ విషయంలో ఆ సంగతి గుర్తుంచుకోండి.

బోర్డు సంగతి కూడా చూసుకోవాలి. బీ460 బోర్డు మీద 10వ తరం 10400ఎఫ్ ప్రాసెసర్ ఉంటే మీరు ఏ ర్యామ్ పెట్టినా 2666 దాటదు, దానికోసం డబ్బు తగలేయకండి. హెచ్510లో 11వ తరం ప్రాసెసర్ ఉంటే 3200 వరకే. బీ560 నుంచి బీ సిరీస్‌లో ఆ పైకీ దారి ఉంది.

11వ తరంలో గేర్ అని ఇంకో విషయం ఉంది. గేర్ 1లో మెమరీ కంట్రోలర్ (ప్రాసెసర్‌లో ర్యామ్‌ని నడిపే భాగం) ర్యామ్‌తో సమానంగా తిరుగుతుంది, గేర్ 2లో సగం వేగంతో. ఈ చిప్‌కి గేర్ 1లో ఇంటెల్ హామీ 2933 వరకే. అందుకని కొన్ని బోర్డులు 3200 పెట్టగానే ఆటోలో గేర్ 2కి దిగిపోతాయి. వాడి బోర్డూ అదే చేసింది. మేం గేర్ 1 అని చేత్తో సెట్ చేశాం.

సేవ్ చేసి రీస్టార్ట్ చేస్తే స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. మా వాడికి టెన్షన్. అది మెమరీ ట్రైనింగ్, అంటే కొత్త వేగానికి బోర్డు ర్యామ్‌ని సర్దుకోవడం. ఒక నిమిషం ఆగండి. రెండు మూడుసార్లు దానంతటదే ఆఫ్ అయి ఆన్ అవ్వచ్చు. ఎంతకీ రాకపోతే ప్లగ్ పీకి, బోర్డు మీద రూపాయి బిళ్ళలా ఉండే బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెట్టండి, సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. మాకు ఆ అవసరం రాలేదు.

సిస్టం ఆన్ అయ్యింది కదా అని ఆపేయకండి. ర్యామ్‌లో తప్పులుంటే వెంటనే కనబడవు. వారం తర్వాత ఎవరి తలంబ్రాల క్లిప్పో పాడై కూర్చుంటుంది, అది మళ్ళీ తీయలేం కదా. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసి ఫ్రీ వెర్షన్‌లో ఇచ్చే నాలుగు పాసులూ పూర్తిగా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా 2933కి దిగండి, గేర్ 1 మాత్రం వదలకండి.

రాత్రంతా టెస్ట్ నడిచింది, ఒక్క ఎర్రర్ లేదు. పొద్దున్నే పిన్ని కాఫీ తెచ్చేసరికి అదే పెళ్ళి ఫైలు మళ్ళీ ఎక్స్‌పోర్ట్ పెట్టాం. నిన్న 41 నిమిషాలు పట్టింది. ఇవాళ 33. కొత్త సిస్టం కొనడం మానేశాడు, ఒక మంచి టవర్ కూలర్ మాత్రం కొనమన్నాను. అది వచ్చాక 110 వాట్లు మళ్ళీ పెట్టి చూస్తాం.