పక్కింటావిడకు లేని ఓటు

(2016 జూన్ 5, ఆదివారం, తూర్పు లండన్‌లో జరిగిన తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పక్క గదిలో పిల్లల్ని ఆడిస్తున్న అమ్మాయిలకు ముందుగా కృతజ్ఞతలు. వాళ్ల పుణ్యమా అని ఇంతమంది తల్లులు ఈ రోజు నిశ్చింతగా కూర్చోగలిగారు.

బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, వైదొలగాలా అని ఈ నెల 23న ఓటు వేయబోతున్నాం. సరిగ్గా 41 ఏళ్ల కిందట, 1975లో, ఇదే జూన్ 5న ఈ దేశం దాదాపు ఇదే ప్రశ్నకు ఓటు వేసింది. యూరప్ కూటమిలో చేరి అప్పటికి రెండున్నరేళ్లే అయింది. 67 శాతం మంది ఉందామన్నారు. ఉందామని ఊరూరా తిరిగినవారిలో కన్సర్వేటివ్ నాయకురాలు మార్గరెట్ థాచర్ ఉన్నారు, బయటికి రావాలని పోరాడినవారిలో లేబర్ మంత్రి టోనీ బెన్ ఉన్నారు. ఈ రోజు ఆ రెండు పార్టీలు ఎక్కడున్నాయో చూడండి. లేబర్ నాయకుల్లో ఎక్కువమంది ఉందామంటున్నారు, కన్సర్వేటివ్‌లు నిట్టనిలువునా చీలిపోయారు. మేం ఎప్పుడూ ఫలానా పార్టీకే వేస్తాం అనే అలవాటు ఈ 23న మనకు దారి చూపదు. ఎవరికి వారు కూర్చుని ఆలోచించుకోవలసిందే.

మా ఆయన, పిల్లలు బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నారు. నా దగ్గర ఇంకా భారత పాస్‌పోర్టే ఉంది. అయినా నాకు ఈ ఓటు ఉంది. వర్క్ వీసా మీద ఉన్నవారికి, చదువుకోవడానికి వచ్చినవారికి కూడా ఉంది. కామన్‌వెల్త్ దేశాల పౌరులు ఇక్కడ నివాసముంటే చాలు, ఓటు వేయవచ్చు. ఒకప్పుడు మనల్ని ఏలిన సామ్రాజ్యం పోతూ పోతూ మిగిల్చిన హక్కు ఇది. ఐర్లండ్ వారికి, కామన్‌వెల్త్‌లో ఉన్నాయి కాబట్టి మాల్టా, సైప్రస్ వారికీ ఉంది. యూనియన్‌లోని మిగతా దేశాల నుంచి వచ్చి, ఇరవై ఏళ్లుగా ఇక్కడే బతుకుతున్నా, బ్రిటిష్ పౌరసత్వం తీసుకోనివారికి లేదు.

మా పక్కింటావిడది పోలండ్. 2004లో ఆ దేశం యూనియన్‌లో చేరిన మరుసటి ఏడాది వచ్చారు. వృద్ధుల సంరక్షణ కేంద్రంలో రాత్రి డ్యూటీలు చేస్తారు. మా అత్తగారు విజయవాడ నుంచి వచ్చి ఆరు నెలలు ఉన్నప్పుడు, ఇంగ్లీషు ఒక్క ముక్క రాకుండానే ఆవిడతో స్నేహం కుదుర్చుకున్నారు. గోంగూర తుంచుతుంటే చూసి, మా ఊళ్లోనూ ఇలాంటి పుల్లటి ఆకుతో చారు కాస్తాం అని ఆవిడ చేతి సైగలతో చెప్పడం నాకింకా గుర్తుంది. పోయిన నెల 5న లండన్ మేయర్ ఎన్నికకు ఇద్దరం కలిసే వెళ్లి, ఒకే పోలింగ్ కేంద్రంలో ఓటు వేశాం. ఈ 23న నేనొక్కదాన్నే వెళ్తాను. ఆవిడ ఇక్కడ ఏ హక్కుతో ఉంటారో తేల్చే ఎన్నికలో ఆవిడకు నోరు లేదు, నాకు ఉంది. ఇది నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

మన ఇళ్లలో ఈ మధ్య తరచుగా వినిపిస్తున్న మాట ఒకటి ఉంది. యూరప్ వాళ్లు తగ్గితే మనవాళ్లకు వీసాలు పెరుగుతాయట. మన హోటళ్లకు వంటవాళ్లు దొరుకుతారట. మంత్రి ప్రీతి పటేల్ గారు కూడా ఇలాగే చెబుతున్నారు. నేను లెక్కలు చూసే ఉద్యోగం చేస్తాను కాబట్టి అంకెలతోనే మాట్లాడతాను. 2015లో ఈ దేశానికి నికరంగా 3,33,000 మంది వలస వచ్చారని పోయిన నెలాఖరున ప్రకటించారు. అందులో యూరప్ యూనియన్ నుంచి 1,84,000, మనలాంటి బయటి దేశాల నుంచి 1,88,000. బ్రిటిష్ వాళ్లు కొందరు బయటికి వెళ్లడం వల్ల మొత్తం ఆ మేరకు తగ్గింది. ఇక ప్రభుత్వం ఇచ్చిన మాట ఏమిటి? మొత్తాన్ని లక్ష లోపుకు దించుతామని. యూరప్ నుంచి ఒక్కరూ రాకపోయినా మన వైపు అంకె ఒక్కటే లక్ష దాటి ఉంది. అప్పుడు కత్తెర ఎవరి మీద పడుతుంది?

పైగా మన వీసాల మీద బ్రసెల్స్ పెత్తనం, అంటే యూనియన్ పెత్తనం, ఏనాడూ లేదు. అది పూర్తిగా లండన్ చేతిలో, అంటే బ్రిటిష్ ప్రభుత్వం చేతిలో ఉన్న విషయం. చదువు పూర్తయ్యాక రెండేళ్లు పనిచేసుకునే వీసాను 2012లో ఎత్తివేసింది లండనే. టియర్ 2 అనే నైపుణ్య ఉద్యోగాల వీసా మీద వచ్చినవారు ఇక్కడ స్థిరపడాలంటే ఏటా 35,000 పౌండ్ల జీతం ఉండాలని ఈ ఏప్రిల్ నుంచి అమలు చేస్తున్నదీ లండనే. మనవాళ్లకు వీసాలు పెరుగుతాయన్న మాట నమ్మి ఓటు వేసేవారు బ్యాలెట్ పత్రం మీద లేని వాగ్దానానికి ఓటు వేస్తున్నట్టు. ఒకవేళ అది నిజమే అయినా, పక్కింటివారి చోటు తీసి నా తమ్ముడికి ఇవ్వమని అడగడానికి నాకు మనసొప్పదు.

ఇక వైదొలగాలనేవారు తమ ప్రచార బస్సు మీద రాసిన 35 కోట్ల పౌండ్ల సంగతి. యూనియన్‌కు వారానికి అంత పంపుతున్నామని అంటున్నారు. యూనియన్‌కు కట్టే సొమ్ములో 1984లో థాచర్ సాధించిన రాయితీని తీసేయకముందు ఉన్న మొత్తం అది. ఆ రాయితీ సొమ్ము అసలు దేశం దాటదు. పంపినదాంట్లోనూ కొంత రైతులకు, వెనుకబడిన ప్రాంతాలకు తిరిగి వస్తుంది. గణాంకాల ప్రాధికార సంస్థే ఇది తప్పుదోవ పట్టించే అంకె అని తేల్చి చెప్పింది. అటువైపు కూడా చూద్దాం. వైదొలిగితే 2030 నాటికి కుటుంబానికి ఏడాదికి 4,300 పౌండ్ల నష్టమని ఆర్థిక శాఖ అంటోంది. దేశం మొత్తం ఉత్పత్తిలో తగ్గుతుందనుకున్న భాగాన్ని కుటుంబాల సంఖ్యతో భాగించి చెప్పిన అంకె అది. మీ ఇంటి జీతంలోంచి పోయే డబ్బు కాదు. నా ఆఫీసులో ఎవరైనా ఇలాంటి కాగితం తెస్తే, ఏ వైపు వారైనా సరే, వెనక్కి పంపిస్తాను.

వైదొలగాలనేవారి వాదనలో నేను గౌరవించే భాగం డబ్బు గురించినది కాదు. అధికారంలో ఉన్నవారిని టోనీ బెన్ అడిగే ప్రశ్న ఒకటి ఉండేది: మిమ్మల్ని దించాలంటే మేం ఏం చేయాలి? యూరోపియన్ కమిషన్ విషయంలో ఈ ప్రశ్నకు సూటి జవాబు లేదు. యూరోపియన్ పార్లమెంటుకు మనం సభ్యుల్ని ఎన్నుకుంటాం, మంత్రుల మండలిలో మన మంత్రి కూర్చుంటారు, కానీ చట్టాన్ని ప్రతిపాదించే కమిషన్‌ను ఓటుతో నేరుగా దించలేం. స్వాతంత్ర్యం కోసం పోరాడిన దేశం నుంచి వచ్చినవాళ్లం, ఆ బాధ మనకు అర్థం కాకపోతే ఎవరికి అర్థమవుతుంది? వైదొలగాలనే ప్రతివారినీ జాత్యహంకారి అని తీసిపారేయడం తప్పు. మా వీధి చివర పెద్దాయన ఈ ఒక్క కారణంతోనే అటు వేస్తున్నారు. ఆయనతో గంటసేపు మాట్లాడి వచ్చాక నా వాదన నాకే కొంత పలచగా కనిపించింది.

మరి నన్ను ఇటు ఏది లాగింది? విడిపోవడం అంటే ఏమిటో మనకు తెలుసు. మూడు రోజుల కిందటే మన రాష్ట్రం రెండుగా అయి రెండేళ్లు నిండాయి. అది సరైనదా కాదా అన్నది ఈ గదిలో తేలే విషయం కాదు, నేను ఎత్తను. పంపకం ఎలా జరిగిందో మాత్రం గుర్తు చేసుకుందాం. 108 సెక్షన్లు, 13 షెడ్యూళ్లతో చట్టం రాశారు. పదేళ్ల ఉమ్మడి రాజధాని అన్నారు. పైన కేంద్రం ఉంది, సుప్రీంకోర్టు ఉంది. అయినా ఈ రోజుకీ హైకోర్టు విభజన కాలేదు, తొమ్మిది, పది షెడ్యూళ్లలోని సంస్థల మీద తగువు తీరలేదు, కృష్ణా జలాల మీద వాదనలు నడుస్తూనే ఉన్నాయి. ఒకే భాష, ఒకే దేశం ఉన్నచోట ఇది పరిస్థితి.

ఇక్కడ బ్యాలెట్ పత్రం మీద రెండే రెండు వరుసలు. ఉండాలి, వైదొలగాలి. వైదొలిగితే ఏ షరతులతో, ఏ సుంకాలతో, ఐర్లండ్‌ను చీల్చే 500 కిలోమీటర్ల సరిహద్దు మీద ఏం చేసి, అన్నది ఎక్కడా రాసి లేదు. యూనియన్ ఒప్పందంలోని 50వ అధికరణం ప్రకారం వైదొలుగుతున్నామని నోటీసు ఇచ్చాక రెండేళ్ల గడువు. పొడిగించాలంటే మిగతా 27 దేశాలూ ఒప్పుకోవాలి. యాభై వేల పైచిలుకు జనాభా ఉన్న గ్రీన్‌లాండ్ 1982లో ఓటు వేసి, ప్రధానంగా చేపల లెక్క తేల్చుకుని 1985లో బయటపడింది. మూడేళ్లు! ఇక్కడ ఆరున్నర కోట్ల మంది, 43 ఏళ్ల చట్టాలు.

ఉందామని వేసి, అది పొరపాటని తేలితే మళ్లీ అడగవచ్చు. 1975 తరువాత ఇప్పుడు అడుగుతున్నారు కదా. వైదొలిగి, అది పొరపాటని తేలితే వెనక్కి రావడానికి ఇప్పుడున్న రాయితీలు దొరుకుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే నేను ఉండాలి అన్న గడిలోనే గుర్తు పెడతాను. మీరు అటు వేస్తే మీతో వాదిస్తాను, కానీ మీ ఇంటికి భోజనానికి రావడం మానను.

ఒక్క మాట మాత్రం బతిమాలుతున్నాను. ఇది వాళ్ల గొడవ, మనకెందుకు అని ఇంట్లో కూర్చోవద్దు. ఓటరుగా నమోదు కావడానికి గడువు ఎల్లుండి, మంగళవారం అర్ధరాత్రి. వెనక బల్ల మీద రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టాం, ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు పడుతుంది. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు దగ్గర లేనివారు ఇప్పుడే ఇంటికి ఫోను చేసి కనుక్కోండి, నేను ఏడింటి దాకా ఇక్కడే ఉంటాను.